మొదటి కప్పు

ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినాయన చాలా మర్యాదస్తుడు. నా భార్య సంస్మరణ సభ వచ్చే గురువారం పదకొండు గంటలకు పెడుతున్నామని, కుటుంబం తరఫున నేను ఓ ఐదు నిమిషాలు మాట్లాడితే బాగుంటుందని చెప్పాడు. ముప్పై నాలుగేళ్లు కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి. గంట కొట్టేదాకా నోరు మూయకుండా మాట్లాడటమే నా ఉద్యోగం. ఐదు నిమిషాలదేముంది, తప్పకుండా అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం కుర్చీలోంచి లేవడానికి చాలాసేపు పట్టింది.

ఆమె పోయి అప్పటికి ఆరు వారాలు. ఒక ఉదయం చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర కూర్చుంది, మళ్లీ లేవలేదు. ఎక్కువ బాధపడలేదని డాక్టర్లు చెప్పారు. వాళ్లు అలాగే చెబుతారని తెలిసినా ఆ మాట నేను దాచుకున్నాను.

నా భార్య ఆసుపత్రిలో పని చేస్తుందంటే అందరూ నర్సా అని అడిగేవారు. కాదు. ఆపరేషన్ గదిలో డాక్టరు చెయ్యి చాపితే కత్తెర వచ్చి చేతిలో పడుతుంది కదా, ఆ కత్తెర ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ అడగరు. అది నేల కింది అంతస్తులో నా భార్య గదిలోంచి వచ్చేది. వాడిన పనిముట్లన్నీ అక్కడికి దిగుతాయి. కడుగుతారు, ఒక్కోదాన్ని దీపం కింద పట్టి చూస్తారు, జాబితా ప్రకారం ట్రేలో పేరుస్తారు, ఆకుపచ్చ గుడ్డలో మూటగడతారు, క్రిములు చావడానికి ఆవిరి యంత్రంలో పెడతారు. ఆ గదిలో ఆమె ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసింది, అందులో ఇరవై రెండేళ్లు దానికి పెద్ద.

మూడు రోజులు కూర్చుని ప్రసంగం రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. చదువుకుంటే ఎక్కడో విన్నట్టు అనిపించింది. కళాశాలలో పదవీ విరమణ చేసిన ప్రతివాడి గురించీ నేను చదివిన ప్రసంగమే అది, పేరు మారింది. కానీ మా అమ్మాయికి నచ్చింది. తను భవనాల నక్షలు గీస్తుంది, గీత వంకరపోతే ఒప్పుకోదు. సభ కోసం వారం సెలవు పెట్టుకుని వచ్చింది. ఆసుపత్రివాళ్లు వేదిక మీద కట్టే బ్యానరుకి ఒక వాక్యం అడిగితే తనే రాసిచ్చింది: 'ముప్పై ఒక్క ఏళ్లు, ఒక్క పొరపాటు లేకుండా.' ఆ వాక్యాన్నే నేను ప్రసంగంలో మొదటి వరసగా పెట్టుకున్నాను.

మంగళవారం, నా భార్య పనిచోట వాడిన బీరువా తాళంచెవి తిరిగి ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్లాను. కాగితాలు కూడా జేబులో పెట్టుకున్నాను, ఒకటి రెండు సంవత్సరాలు సరిచూసుకోవాలని.

ఆ గదికి ఇప్పుడు పెద్ద, అందరూ 'కళ్లజోడు' అని పిలిచే ఆవిడ. ఒక జోడు ముక్కు మీద, ఇంకొకటి నెత్తిమీద ఉంటుంది కనక ఆ పేరు. పాతికేళ్లకు పైగా నా భార్య పక్కనే పనిచేసింది. వాళ్లంతా ఆమెను అక్క అంటారు, కాబట్టి నేను బావగారిని. బావగారికి మర్యాద ఎంత ఉంటుందో ఎగతాళీ అంతే ఉంటుంది. లోపలికి రావాలంటే నీలం టోపీ, వెనకనుంచి కట్టుకునే అంగీ వేసుకోవాలన్నారు. వేసుకున్నాను.

"పెళ్లినాడు కూడా ఇంత కళగా లేరు బావగారూ" అంది కళ్లజోడు.

"మా పెళ్లికి నువ్వెక్కడొచ్చావమ్మా?"

"ఫొటో చూశాంగా. అక్క బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకుంది. రోజూ పొద్దున్నే మీ మొహం చూసే పనిలోకి దిగేది, పాపం."

ఆ సంగతి నాకు తెలియదు. బీరువా తెరిచి చూపించారు. మూలలు చిరగకుండా, ఆవిరి యంత్రం మూటలకు అంటించే టేపుతో నాలుగు వైపులా అంటించి ఉంది. ఫొటోని కాసేపు చూడనిచ్చి, ఆ కాసేపూ అందరూ అటు తిరిగి పని చేసుకున్నారు.

తరువాత నా జేబులో కాగితాలు కనబడి అవేమిటని అడిగారు. చెప్పాను. సరిచూశారా అంది కళ్లజోడు. నేనే రెండుసార్లు చదువుకున్నానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. ట్రే పేర్చినవాళ్లు దాన్ని తామే సరిచూసుకోకూడదు. రెండో మనిషి వచ్చి, జాబితాలో ఒక్కోటీ పైకి చదువుతూ, ఒక్కోటీ వేలితో తాకాలి. ఇద్దరి సంతకాలూ పడితేనే మూట కదులుతుంది.

"రెండో కన్ను పడనిది ఈ గది దాటదు బావగారూ. కూర్చోండి. చదవండి."

ఎత్తు స్టూలు మీద కూర్చుని చదివాను. వాళ్లు నలుగురు. చేతులు పనిలోనే ఉన్నాయి, ఒకామె కత్తెరలు ఒక్కోటీ పలచటి గుడ్డ ముక్క మీద కత్తిరించి పదును చూస్తోంది. కళ్లజోడు నా ఎదురుగా నిలబడి, నెత్తిమీద జోడు కిందికి దించి, పెన్సిలు పట్టుకుంది.

ఆమె శాంతమూర్తి అని చదివాను. తీసెయ్యమంది. ఎవరిమీదా గొంతు ఎత్తి ఎరుగదని చదివాను. కడిగేచోట నిలబడ్డామె నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది. ఒకసారి లిఫ్టు నడిపేవాడు శుభ్రమైన మూటని నేలమీద పెడితే అక్క అరిచిన అరుపుకి, మూడో అంతస్తులో కదలలేని రోగి లేచి కూర్చున్నాడని ఆసుపత్రిలో ఇప్పటికీ చెప్పుకుంటారట. ఇంట్లో నాకు అలాంటి అరుపులు బాగానే అలవాటు. మరి ఎందుకు రాశానో నాకే తెలియలేదు. కొట్టేశాను. నిరాడంబరతకు నిలువెత్తు రూపమని చదివితే, "అంటే ఏంటండీ?" అని అడిగారు. చెప్పేలోగా నాకే వద్దనిపించింది.

ఇలా మూడో పేజీకి వచ్చాం. అక్కడ నాకు చాలా ఇష్టమైన వాక్యం ఉంది. నా భార్య కొన్నిరోజులు ఇంటికి రాగానే, సంచి బల్లమీద పెట్టి, "ఇవాళ మొదటి కప్పు నాదే" అనేది. తోటివాళ్లు ఆమె శ్రమను గుర్తించి, పొద్దుటి టీలో మొదటి కప్పు గౌరవంగా ఇస్తున్నారని నేను అనుకునేవాణ్ణి. "శభాష్" అనేవాణ్ణి. ఆమె నవ్వి లోపలికి వెళ్లిపోయేది. ఆ గౌరవం గురించి కాస్త గొంతు పెంచే చదివాను.

కత్తెర చప్పుడు ఆగింది. తరువాత కళ్లజోడు పెన్సిలు కింద పెట్టి, రెండు జోళ్లూ తీసి, కళ్లు తుడుచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పడం కష్టం. రెండూ చేస్తోందనుకుంటాను.

"శభాష్ అనేవారా? ఎన్నేళ్లు?"

"పంతొమ్మిదేళ్లు అయుంటుంది."

"అక్క చెప్పనే లేదా?"

"ఏం చెప్పడం?"

అప్పుడు చెప్పింది. పొద్దున టీకి ముందు అయిదు నిమిషాలు ఆ గదిలో అందరూ కూర్చుంటారు. ముందురోజు ఎవరిచేతనైనా తప్పు జరిగితే వాళ్లే చెప్పాలి, ఇంకొకరు చెప్పకూడదు. ట్రేలో ఒక పటకారు తక్కువ పెట్టాను, ఆవిరికి టేపు రంగు మారిందో లేదో చూడకుండా సంతకం చేశాను, ఏదైనా సరే. చెప్పినవాళ్లను ఎవరూ ఏమీ అనరు. మొదటి కప్పు వాళ్లకిస్తారు. అదీ మొదటి కప్పు.

ఆ ఆచారం మొదలైన రోజు గురించి కూడా చెప్పింది. అందులో సగం నాకు తెలుసని అప్పుడే తెలిసింది.

ఒక శనివారం. ఆపరేషన్ గదులనుంచి ఫోన్ మీద ఫోన్, ట్రేలు ఇంకా రాలేదేమని. ఆవిరి యంత్రం పని అయ్యాక మూటల్ని అందులోనే కాసేపు ఆరనివ్వాలి. లోపల తడి మిగిలితే, ఆ తడి వెంబడి బయటి మురికి గుడ్డ దాటి లోపలికి పోతుంది. అలాంటి మూట చూడటానికి శుభ్రంగానే ఉంటుంది. ఆ రోజు నా భార్య తొందరలో యంత్రం ముందే తెరిచింది. నలభై రెండు మూటలు పైకి పంపి, డ్యూటీ దిగి, భోజనానికి ఇంటికి వచ్చింది.

మిగతాది నేను చూశాను. గిన్నె మీద మూత నేనే తీశాను. మూత అడుగునుంచి నీళ్లు బొట్లుబొట్లుగా బల్లమీద పడ్డాయి. ఆమె ఆ బొట్ల వంక చూసి, నోటిదాకా వచ్చిన ముద్ద వదిలేసి లేచింది. ఎక్కడికని అడిగితే ఒక పని మరిచిపోయానంది. చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోలేదు.

నేరుగా పై అంతస్తుకి వెళ్లిందట. ఒక రోగికి అప్పటికే మత్తిచ్చారు, ఇంకా కత్తి పెట్టలేదు. ఆపమంది. మూటలన్నీ వెనక్కి తీసుకుంది. అప్పట్లో పెద్ద డాక్టరు వరండాలో అందరిముందూ ఆమెను అనరాని మాటలన్నాడు. ఆమె తలవంచుకుని మూటలు బండిలోకి ఎత్తుకుంటూనే ఉంది. కిందికి తెచ్చి ఒక్కోటీ విప్పి చూశారు. నలభై బాగున్నాయి. రెండు తడిగా ఉన్నాయి. ఆ రెండింట్లో ఒకటి మత్తిచ్చిన రోగి బల్లమీద ఉన్నదే.

"అక్క రాకపోతే ఎవరికీ తెలిసేది కాదు బావగారూ" అంది కళ్లజోడు. "ఆ రోగికి తరవాత ఏమైనా అయినా, ఎందుకైందో తెలిసేది కాదు."

మర్నాడు టీకి ముందు నా భార్య అప్పట్లో గదిలో ఉన్న ఏడుగురినీ కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది. గదికి పెద్దగా ఉన్న మనిషి తప్పు ఒప్పుకోవడం వాళ్లెవరూ అంతకుముందు చూడలేదు. చెప్పడం అయ్యాక ఆమె ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, కళ్లజోడుకి ఏం చెయ్యాలో తోచక, అప్పుడే పోసిన కప్పు ఆ చేతుల్లో పెట్టింది. అంతే.

నేను ప్రసంగం మడిచి జేబులో పెట్టుకున్నాను. కళ్లజోడుని సంతకం పెట్టమన్నాను, మాటవరసకి. పెట్టనంది. "లోపల ఉండాల్సింది లేదుగా. మళ్లీ పేర్చుకు రండి. అదైనా సభలో విన్నాకే పెడతాను."

ఇంటికి వచ్చి పాత దినచర్య పుస్తకాలు దించాను. వృక్షశాస్త్రం వాళ్లకు ఈ రోగం ఉంటుంది, వాన పడిన రోజూ, కుండీలో మొగ్గ వేసిన రోజూ రాసుకుంటాం. 'కిటికీ పక్క మొక్కకు రెండు కొత్త ఆకులు. ఆమెకు మొదటి కప్పు.' 'ఎండ ఎక్కువ. ఆమెకు మొదటి కప్పు, చాలా సంతోషం.' వెతికితే మొత్తం ఇరవై మూడు తేలాయి. ఇరవై మూడుసార్లు నా భార్య తన తప్పు నలుగురి ముందూ చెప్పి ఇంటికి వస్తే, ఇరవై మూడుసార్లూ నేను శభాష్ అన్నాను. మొదట సిగ్గేసింది. ఏమీ తెలియకుండా అన్నానే అని. పుస్తకాలు మళ్లీ అరలో పెట్టేటప్పటికి, తెలిసినా అదే అనేవాణ్ణి కదా అనిపించింది. ఆ మాట ఆమెకు ఆ పూట అవసరమే అయి ఉంటుంది.

అమ్మాయికి అంతా చెప్పాను. కొత్తగా ఏం రాయబోతున్నానో కూడా చెప్పాను. తను చాలాసేపు బల్లమీద గోరుతో గీతలు గీసింది.

"ఎవరికీ తెలియని తప్పు మనమే చెప్పుకోవడం ఎందుకు నాన్నా? అక్కడ కూర్చునేవాళ్లంతా పెద్ద డాక్టర్లు. అమ్మ బతికుండగా కింది అంతస్తుకి ఒక్కడూ దిగలేదు. వాళ్లకి అమ్మ గురించి తెలిసే మొదటి సంగతి ఇదా? ఇదొక్కటే పట్టుకుంటారు. నీకు ఐదు నిమిషాలే ఇచ్చారు, ఆ ఐదు నిమిషాలూ అమ్మ తప్పు గురించేనా?"

తన భయం నాకూ ఉంది. ఐదు నిమిషాల తరువాత ఆ మనుషుల తలల్లో ఆమె ఎలా నిలబడుతుందో అలాగే ఉండిపోతుంది. మళ్లీ వెళ్లి దిద్దుకునే వీలు లేదు. మచ్చలేని బొమ్మని నిలబెడితే చప్పట్లు కొడతారు. కానీ గోడ పక్కన నిలబడే ఆ నలుగురూ ఆమెను వెతుక్కుని, కనబడక, వెనక్కి వెళ్లిపోతారు. అదే చెప్పాను. "నీ ఇష్టం" అంది. ఇష్టం లేనప్పుడు వాళ్లమ్మ కూడా సరిగ్గా ఆ రెండు మాటలే అనేది.

బుధవారమంతా రాశాను. ఒకటిన్నర పేజీ వచ్చింది.

గురువారం పొద్దున నా చొక్కా ఇస్త్రీ చేసి, మడిచి, మంచం మీద పెట్టి ఉంది. నా భార్య ఇంట్లో ఏ బట్ట మడిచినా మూటల పద్ధతిలోనే మడిచేది, పై కొస చిన్నగా బయటికి వదిలి, దాన్ని పట్టుకుని లాగితే మొత్తం విచ్చుకునేలాగ. చొక్కా కొస బయటికి ఉంది. అమ్మాయి కోపంలో ఉండి కూడా చేతికి అలవాటైన పని అలాగే చేసింది. దాంతో ఆ పూట నాకు కాస్త ధైర్యం వచ్చింది.

సభామందిరంలో నూట యాభై కుర్చీలు, ముప్పావు వంతు నిండాయి. వేదిక మీద మూడు కుర్చీలు. మధ్య కుర్చీలో అధ్యక్షుడు. ఎవరో చెప్పేదాకా నాకు తెలియదు, పంతొమ్మిదేళ్ల కిందట వరండాలో అరిచిన పెద్ద డాక్టరు ఆయనే. ఎప్పుడో పదవీ విరమణ చేశాడు, చేతికర్ర పట్టుకున్నాడు. వెనక గోడమీద మా అమ్మాయి వాక్యం, మనిషంత అక్షరాలతో. ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ ఆ బ్యానరు చదివే మాట్లాడినట్టుంది, ఒక్క పొరపాటు లేకుండా అని ముగ్గురూ అన్నారు. గోడ పక్కన కళ్లజోడు, మిగతా ముగ్గురూ నిలబడి ఉన్నారు. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు, పన్నెండింటికి మూటలు తీయాలట.

నన్ను పిలిచారు. మైకు నా ఎత్తుకి ఎక్కువగా ఉంది. ఎవరో అడగకుండానే వచ్చి దించిపెట్టి వెళ్లారు.

"నా వెనక గోడమీద రాసింది నిజం కాదు" అన్నాను. "మొన్నటిదాకా నేనూ అదే రాసుకున్నాను. నా భార్య తప్పులు చేసింది. నా దగ్గర లెక్క ఉంది, ఇరవై మూడు."

ముందు వరసలో అమ్మాయి తల దించుకుంది. నేను ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని ఆగలేదు. శనివారం సంగతి చెప్పాను. పెద్ద డాక్టరు ప్రస్తావన తేలేదు, ఎవరో కోప్పడ్డారన్నాను. గిన్నె మూత, బల్లమీద బొట్లు, నలభై రెండు మూటలు, అందులో రెండు, ఆ రెండింట్లో ఒకటి. టీకి ముందు అయిదు నిమిషాల గురించి చెప్పాను. మొదటి కప్పు అంటే గౌరవమని నేను అనుకున్న సంగతి, ప్రతిసారీ శభాష్ అన్న సంగతి చెబితే ముందు గోడ పక్కన నవ్వారు, తరువాత నర్సుల వరసలో, తరువాత అందరూ.

"నేను పంతొమ్మిదేళ్లు పొరబడ్డాను. ఇది నా తప్పు, నేనే చెబుతున్నాను. కానీ ఇప్పుడు ఆలోచిస్తే, అది గౌరవమే. ఇంతమంది ఒళ్లు కోసి కుట్టిన ఈ ఆసుపత్రిలో, తన తప్పు కనబడగానే అన్నం ముందునుంచి లేచి పరుగెత్తిన మనిషి ఒకామె ఉండేది. ఆమె నా భార్య. శభాష్ అన్నందుకు నాకు విచారం లేదు. ఇంకోసారి అనే వీల్లేదే అని ఉంది, అంతే."

కాగితంలో ఇంకా నాలుగు వరసలున్నాయి. అక్కర్లేదనిపించి మడిచేశాను.

చప్పట్లు మొదలవకముందే వేదిక మీద కర్ర చప్పుడైంది. పెద్ద డాక్టరు లేచాడు. మైకు దాకా రావడానికి ఆయనకు సమయం పట్టింది, ఎవరో చెయ్యి అందించబోతే వద్దన్నాడు.

"వరండాలో అరిచింది నేను" అన్నాడు. "ఆ తడి మూట నా బల్లమీదిదే. రోగికి యంత్రం చెడిపోయిందని చెప్పి పంపించాను. ఆ రోజునుంచి పదవీ విరమణ దాకా పదకొండేళ్లు ఇక్కడే ఉన్నాను. ఆవిడ గదికి రెండు అంతస్తులు మెట్లు దిగితే చాలు. దిగలేదు."

ఇంకేమీ అనకుండా వెళ్లి కూర్చున్నాడు. అప్పుడు చప్పట్లు కొట్టారు. ఎవరికోసమో తెలియదు. మా అమ్మాయి మాత్రం నన్నే చూస్తూ కొడుతోంది.

తలుపు పక్కన బల్లమీద టీ పెట్టారు. నాకు ఫోన్ చేసిన మర్యాదస్తుడు మొదటి కప్పు పళ్లెంలో పెట్టుకుని అధ్యక్షుడి దగ్గరికి బయల్దేరాడు. కళ్లజోడు అడ్డం నిలబడింది. ఆయన పక్కకి తప్పుకుని వెళ్లబోయాడు. ఆవిడ కూడా పక్కకి జరిగింది. ఈలోగా మా అమ్మాయి వచ్చి ఆ కప్పు ఆయన పళ్లెంలోంచి తీసుకుని, రెండు చేతులతో పట్టుకుని, నా దగ్గరికి తెచ్చింది.

"ఇవాళ మొదటి కప్పు నీదే నాన్నా" అంది. తరువాత, వాళ్లమ్మ సంచి బల్లమీద పెట్టినప్పుడల్లా చిన్నప్పటినుంచి విన్న మాటే అంది. "శభాష్."

కప్పు కాలుతోంది. అయినా వదలకుండా పట్టుకున్నాను.

"డాక్టరుగారిది రెండోది" అని తీర్పు చెప్పింది కళ్లజోడు. "బావగారు ముందు చెప్పారుగా." అని నా జేబులోంచి కాగితం తనే లాగి, బల్లమీద పరిచి, అడుగున సంతకం పెట్టింది. పేర్చినవాళ్ల సంతకం ఏదని అడిగింది. పెట్టాను.

అమ్మాయి వేదిక మీది గోడ వైపు చూపించింది. "నాదీ ఒకటుంది పిన్నీ. ఆ బ్యానరు వాక్యం నేను రాసిచ్చిందే."

"అయితే మూడోది నీది. పట్టుకో."

వెనకనుంచి ఒక నర్సు, ఎవరూ అడగకపోయినా, కిందటి వారం తాను చేసిన పని ఒకటి చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ వెనక మందులు ఇచ్చే కౌంటరు ఆయన నిలబడి ఉన్నాడు, తన వంతు కోసం. ఆవిరి యంత్రం దగ్గరికి మిగతా ముగ్గుర్నీ పంపేసి, కళ్లజోడు టీ బల్ల దగ్గరే ఉండిపోయింది. ఆ రోజు అందరికీ టీ అందేసరికి ఒంటిగంట దాటింది.